టెక్సాస్ రిగ్‌కి బాస్ కొడుతోంది కానీ పడటం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

తెల్లారిజాము
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

బాస్ (వేటాడి తినే మంచినీటి చేప) కోసం గాలం వేయడం మొదలుపెట్టి రెండు సీజన్లయింది. మొదటి సీజనంతా స్పిన్నర్‌బెయిట్, చిన్న క్రాంక్‌బెయిట్ అనే కృత్రిమ ఎరలతోనే గడిచింది. వాటికి చేప తనంతట తనే తగులుకునేది. ఈసారి నాచూ, నీట మునిగిన మోడులూ ఉన్నచోట వేద్దామని టెక్సాస్ రిగ్‌కి, అంటే లైన్ మీద బుల్లెట్ ఆకారపు సీసం ఎక్కించి, హుక్ మొన దాచి ప్లాస్టిక్ వానపాము గుచ్చే పద్ధతికి మారాను. కష్టం అక్కడే మొదలైంది. మొన్న శనివారం తెల్లవారుజామున 5:30 నుంచి 10 దాకా ఒడ్డునే ఉన్నాను. 11 సార్లు కొట్టాయి. చేతికొచ్చింది ఒక్కటి. ఏడుసార్లు రాడ్ ఎత్తేసరికి ఖాళీ. మూడుసార్లు బరువు తెలిసింది, రెండు సెకన్లలో వదిలేసింది. వానపాము మాత్రం ప్రతిసారీ హుక్ వంపులోకి ముద్దలా జారి వస్తోంది.

సామాను: 6 అడుగుల 6 అంగుళాల మీడియం స్పిన్నింగ్ రాడ్, 10 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్) లైన్, 7 అంగుళాల ప్లాస్టిక్ వానపాము, 1/0 హుక్, 3/8 ఔన్సు బుల్లెట్ సీసం. కొట్టిందని తెలియగానే ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గుంజుతున్నాను. ఇంకేం చేయాలో తోచడం లేదు.

గట్టుమీద_గాలం
స్వాగతం అండీ. మీ పోస్టులో జవాబు మీరే రాశారు: "హుక్ వంపులోకి ముద్దలా జారి వస్తోంది."

7 అంగుళాల వానపాముకి 1/0 హుక్ చాలా చిన్నది. మీరు గుంజినప్పుడు ప్లాస్టిక్ కిందికి జారి వంపులో ముద్దవుతుంది. ఆ ముద్ద పోగా మొనకీ కాడకీ మధ్య ఖాళీ మిగలాలి, ఆ ఖాళీలోనే చేప దవడ దూరేది. 1/0లో ఆ ముద్దకే చోటు చాలదు, ఇక దవడకి ఎక్కడిది? 3/0 ఆఫ్‌సెట్ హుక్ (కన్ను దగ్గర మెలిక ఉన్నది) పెట్టండి. వానపాము లావుగా ఉంటే 4/0 వైడ్ గ్యాప్ (వంపు వెడల్పైనది).

ఎక్కించే తీరు కూడా సరిచూసుకోండి. మొనని వానపాము తలలోకి పావు అంగుళం దింపి పక్కనుంచి బయటికి తీయాలి. హుక్‌ని కన్ను దాకా లాగి, సగం తిప్పి, వంపు పక్కన పెట్టి వానపాము శరీరం మీద ఎక్కడికి వస్తుందో గోటితో గుర్తు పెట్టుకోవాలి. సరిగ్గా అక్కడే గుచ్చాలి. గుర్తు కన్నా తల వైపు గుచ్చితే వానపాము బిగుసుకుపోతుంది, తోక వైపు గుచ్చితే వంకరపోతుంది. వంకర వానపాము నీళ్లలో గిరగిరా తిరిగి లైన్‌ని మెలిపెట్టేస్తుంది. దారానికి వేలాడదీసి చూడండి, నిటారుగా ఉంటేనే వేయండి.

ఇంకొకటి. మొనని ప్లాస్టిక్ మధ్యలో దాచేయకండి. అవతలి వైపుకి పొడిచి తీసి, మళ్లీ పైపొర కింద మాత్రం గుచ్చి ఉంచండి. నాచు పట్టదు, చేప నొక్కితే వెంటనే బయటపడుతుంది.

పాతరీల్
హుక్ సంగతి గట్టుమీద_గాలం గారు చెప్పేశారు. నేను లైన్ సంగతి చెబుతాను, నా లెక్కలో అసలు రోగం అదే.

"బలమంతా పెట్టి గుంజుతున్నాను" అన్నారు కదా. చాలా ఏళ్ల కిందట నేనూ అదే చేసేవాణ్ని. ఒకరోజు మా తమ్ముడి చేతికి స్ప్రింగ్ త్రాసు ఇచ్చి, దాని కొక్కేనికి లైన్ కట్టి, 25 గజాల దూరం నడిచి వెళ్లి, చేప కొట్టినప్పుడు ఎలా గుంజుతానో సరిగ్గా అలాగే గుంజాను. భుజం నొప్పెట్టింది. ఎంత చూపించిందని అడిగితే వాడు "ఇంకా లాగలేదనుకున్నాను" అన్నాడు. ముల్లు 2 పౌండ్లు కూడా దాటలేదట. రెండోసారి ముందు లైన్‌లో ఉన్న వదులంతా చుట్టేసి, ఆ తర్వాత గుంజాను. అదే చెయ్యి, అదే రాడ్, ముల్లు 5 దాటింది. ఆ రోజు నుంచి నా చేపల లెక్కే మారిపోయింది.

ఎందుకంటే గుంజిన బలం మొదట లైన్ వదులుకి పోతుంది, తర్వాత గాలికి లైన్‌లో పడ్డ వంపుకి పోతుంది, తర్వాత మోనో సాగడానికి పోతుంది, తర్వాత రాడ్ కొన వంగడానికి పోతుంది. చివరికి మిగిలిందే హుక్ మొనకి చేరుతుంది. కాబట్టి వరస ఇది: కొట్టిందని అనుమానం రాగానే రాడ్ కొనని నీటి వైపు దించండి, దించుతూనే వదులు చుట్టండి, బరువు తగిలీ తగలగానే పైకి గుంజండి. మొత్తం కలిపి ఒక్క సెకను.

ఇక ఆ మూడుసార్లు బరువు తెలిసి వదిలేసింది అన్నారే, గుంజినప్పుడు మీ రీల్ "కిర్ర్"మని చప్పుడు చేసిందా? ఇంటికెళ్లి డ్రాగ్ (చేప లాగినప్పుడు రీల్ లైన్ ఎంత తేలిగ్గా వదలాలో నిర్ణయించే బిగింపు) చూసుకోండి.

తెల్లారిజాము
పాతరీల్ గారూ, మీ పోస్టు చదివి రీల్ తీసి చూశాను. అవునండీ, చప్పుడు చేసింది. చేప లాగుతోందని సంబరపడ్డాను. ఇప్పుడు చేత్తో లైన్ లాగితే తేలిగ్గా జారిపోతోంది. ఎంత బిగించాలి?

పాతరీల్
10 పౌండ్ల లైన్‌కి త్రాసు మీద 2.5 నుంచి 3 పౌండ్ల దగ్గర డ్రాగ్ జారడం మొదలవ్వాలి, అంటే లైన్ బలంలో మూడోవంతుకి లోపు. రాడ్ పక్కన పెట్టి కాదు, రాడ్ వంచి లాగి చూడండి, గైడ్ల (రాడ్ మీది రింగుల) రాపిడి కూడా కలుస్తుంది. పని అయ్యాక ఇంటికొచ్చి నాబ్ వదులు చేసి పెట్టండి, లోపలి వాషర్లు అణిగిపోవు. బహుశా అలా వదులు చేసిన నాబ్‌నే మళ్లీ బిగించడం మరిచిపోయి ఉంటారు, చాలామందికి జరిగేదే.

తెల్లారిజాము
అన్నా, సరిగ్గా అదే జరిగింది.

ఇంకో సందేహం. కొట్టింది చేపా, రాయా, నాచా అనేది ఎలా తెలుస్తుంది? నేను లెక్కపెట్టిన 11లో కొన్ని చేపలే కాకపోవచ్చని ఇప్పుడు అనిపిస్తోంది.

అలలరేఖ
ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కొంచెం వివరంగా రాస్తాను.

బాస్ ఎరని కొరకదు. నోరు ఒక్కసారిగా తెరుస్తుంది, మొప్పల మూతలు విచ్చుకుంటాయి, ఎర చుట్టూ ఉన్న నీళ్లతో సహా లోపలికి పీల్చేసుకుంటుంది. నచ్చకపోతే అదే వేగంతో బయటికి ఊసేస్తుంది. మన చేతికి తెలిసే ఆ "టక్" ఎర నోట్లోకి దూరిన క్షణం. వేలి గోటితో రాడ్ మీద ఒక్కసారి తట్టి చూడండి, ఇంచుమించు అలాగే ఉంటుంది. రెండుసార్లు "టక్ టక్" వస్తే రెండోది ఊసేసిన చప్పుడు కావచ్చు.

రాయి తగిలితే గట్టిగా, పొడిగా తెలుస్తుంది, మీరు లాగినప్పుడే తెలుస్తుంది. నాచు మెత్తగా సాగుతుంది, రాడ్ మెల్లగా వంగి వదిలేస్తుంది. చేప ఒక్కటే మీరు ఏమీ చేయనప్పుడు కూడా కదులుతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

చేతికన్నా ముందు కంటికి తెలుస్తుంది. వానపాము నీళ్లలో పడ్డాక అడుగుకి దిగేంతసేపు రీల్ వైపు చూడకండి, లైన్ నీటిని తాకే చోటు చూడండి. ఎక్కువ చేపలు దిగేటప్పుడే అందుకుంటాయి. పొద్దున్నే నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు ఆ లైన్ సన్నటి వంపు తిరిగి నీటి మీద పడుకుని ఉంటుంది. చేప అందుకోగానే ఆ వంపు ఎవరో గోరుతో మీటినట్టు ఒక్క అంగుళం ఎగిరి పడుతుంది. చేతికి ఏమీ తెలియదు. కొన్నిసార్లు అదీ ఉండదు, లైన్ నెమ్మదిగా పక్కకి నడవడం మొదలుపెడుతుంది. మూడో రకం అన్నింటికన్నా మోసం: 8 అడుగుల లోతని మీకు తెలిసిన చోట 4 అడుగులకే లైన్ దిగడం ఆగిపోతుంది. అడుగు తగిలిందనుకుంటాం. కాదు, చేప నోట్లో ఉంది.

అందుకే నేను వేసిన ప్రతిసారీ దిగడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెడతాను. ఆరు లెక్కకి దిగాల్సింది మూడుకే ఆగితే వదులు చుట్టి గుంజడమే.

మీ 3/8 ఔన్సు సీసం కూడా ఆ లోతుకి బరువెక్కువ. దట్టమైన నాచు లేకపోతే 3/16కి దిగండి. నెమ్మదిగా దిగే ఎరని చేప చూడటానికి, వెంబడించడానికి వ్యవధి ఉంటుంది. బరువు తక్కువైతే వానపామూ తేలిగ్గా నోట్లోకి పీల్చబడుతుంది.

దుంగచాటు
అలలరేఖ గారు చెప్పింది బంగారం. ఒక్కచోట మాత్రం నా అభిప్రాయం వేరు. వెంటనే గుంజమంటున్నారు. మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నది వేరు: లైన్ వదిలి, మూడు లెక్కపెట్టి, చేప నోట్లో సర్దుకున్నాక గుంజాలి. 10 అంగుళాల పెద్ద వానపాముకి నేనిప్పటికీ అంతే చేస్తాను. వెంటనే గుంజితే తోక చివర మాత్రమే పట్టుకున్న చేప జారిపోతుంది.

అలలరేఖ
దుంగచాటు గారూ, తోకపట్టు చేపలు ఉంటాయి, కాదనను. కానీ మూడు లెక్కపెట్టేసరికి కొన్ని చేపలు హుక్‌ని గొంతు దాకా మింగేస్తాయి. పట్టినవి వదిలేసేవాళ్లకి అది పెద్ద నష్టం. నా పద్ధతి ఏమిటంటే, తోకపట్టు ఎక్కువైతే వానపాముని చిన్నది చేస్తాను, 5 అంగుళాలకి దిగుతాను. ఆగడం కన్నా అది మంచిదని నా నమ్మకం.

దుంగచాటు
గొంతు మింగుడు సంగతి ఒప్పుకుంటాను. పోయిన సీజన్‌లో నా చేతిలోనే రెండు అలా పాడయ్యాయి. ఈ వారం మీరన్నట్టు చేసి చూస్తాను.

గట్టుమీద_గాలం
కొత్తవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. "వెంటనే గుంజాలి" అన్నది టెక్సాస్ రిగ్‌కీ, జిగ్‌కీ (తల దగ్గర బరువు పోసిన హుక్). అన్నిటికీ అదే చేయకండి.

తామరాకుల మీద బోలు రబ్బరు కప్ప వేసినప్పుడు నీళ్లు బద్దలైనట్టు పేలుతుంది, గుండె ఆగినంత పనవుతుంది, చెయ్యి దానంతటదే లేస్తుంది. అప్పుడు గుంజితే కప్ప మొహం మీదికి ఎగిరొస్తుంది. కప్ప కనబడకుండా పోయి, బరువు చేతికి తెలిశాక మాత్రమే గుంజాలి. దానికి 50 నుంచి 65 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), గట్టి రాడ్ ఉండాలి, ఆకులతో సహా లాక్కురావాలి కాబట్టి.

క్రాంక్‌బెయిట్‌కి మూడు మొనల హుక్‌లు సన్నగా ఉంటాయి. గుంజితే చర్మం చీలి ఊడిపోతుంది. రాడ్ పక్కకి తిప్పి చుడుతూ ఉంటే చాలు. అక్కడ మెత్తటి రాడ్ మేలు. డ్రాప్ షాట్‌కీ (గుండు కింద, హుక్ దాని పైన కట్టే రిగ్) అంతే, సన్నటి హుక్ బయటికే ఉంటుంది కాబట్టి చుడుతూ రాడ్ ఎత్తితే సరిపోతుంది.

నీటిచెమ్మ
లైన్ మార్చమని ఎవరూ అనలేదేం? ఫ్లోరోకార్బన్ అసలు సాగదు కదా, అది వేస్తే సమస్య తీరిపోతుంది.

పాతరీల్
ఫ్లోరోకార్బన్ సాగదన్నది నిజం కాదు తమ్ముడూ. అదీ సాగుతుంది. దాని మేలు వేరే ఉంది: నీటికన్నా బాగా బరువు, సాంద్రత 1.78 దాకా ఉంటుంది, అందుకని మునిగి నేరుగా ఉంటుంది, వంపు తక్కువ. నీటి వక్రీభవన గుణకం 1.33, దీనిది 1.42, నైలాన్‌ది 1.5కి పైన. నీటికి దగ్గరగా ఉంది కాబట్టి తక్కువ కనిపిస్తుంది. నిజంగా సాగనిది బ్రెయిడ్. కానీ అది తేలుతుంది, తేటనీళ్లలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

స్పిన్నింగ్ రీల్ కాబట్టి తెల్లారిజాము గారికి నా సలహా: 10 పౌండ్ల బ్రెయిడ్, దాని చివర రెండు బారల 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్. బ్రెయిడ్ కింద స్పూల్ మీద కొంచెం మోనో చుట్టడం మరిచిపోకండి. లేకపోతే బ్రెయిడ్ మొత్తం స్పూల్ మీద జారి తిరుగుతుంది, మళ్లీ డ్రాగే వదులైందనుకుంటారు.

నీటిచెమ్మ
తెలియజేసినందుకు థాంక్స్ అన్నా. ఫ్లోరోకార్బన్ ముడి దగ్గర తెగిపోతోంది, అదెందుకు?

పాతరీల్
పొడిగా బిగిస్తున్నావేమో. బిగించేటప్పుడు రాపిడి వేడికి లైన్ దెబ్బతింటుంది. ఉమ్మి తడితో తడిపి మెల్లగా బిగించు. బిగించాక ముడి పైన లైన్ గిరజాలు తిరిగి ఉంటే కోసేసి మళ్లీ కట్టు. పాలోమార్ కట్టు: లైన్‌ని రెండు పేటలు చేసి కన్నులోంచి దూర్చి, మామూలు ముడి వదులుగా వేసి, ఆ ఉచ్చులోంచి హుక్ మొత్తాన్ని దాటించి, తడిపి, రెండు కొసలూ కలిపి లాగాలి. రెండు పేటలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన కూర్చోవాలి. మోడుల్లో వేసేవాడివైతే ప్రతి చేప తర్వాతా చివరి రెండడుగులూ వేళ్ల మధ్య జార్చి చూడు, గరుకు తగిలితే కోసెయ్.

జమ్ముదుబ్బు
మీ అందరికీ ఒక చిన్న చేర్పు: హుక్ మొనని బొటనవేలి గోటి మీద ఆనించి మెల్లగా లాగండి. గుచ్చుకుని ఆగితే పదును ఉన్నట్టు, జారితే లేనట్టు. రాళ్లల్లో వేసేవాళ్లు గంటకోసారి చూసుకోవాలి.

సీసం బదులు టంగ్‌స్టన్ కూడా ఆలోచించండి. సీసం కన్నా 1.7 రెట్లు సాంద్రం, అదే బరువుకి గుండు చిన్నది. గట్టిది కాబట్టి అడుగున రాయా, మట్టా, గుల్లా అన్నది చేతికి స్పష్టంగా చెబుతుంది. పోగొట్టుకున్న సీసపు గుండ్లు మింగి లూన్ అనే నీటి పక్షులు చచ్చిపోతున్నాయి, కొన్నిచోట్ల చిన్న సీసపు గుండ్లకి నిషేధం కూడా ఉంది. నాకు ఆ కారణం ఒక్కటే చాలింది, పెట్టె మొత్తం మార్చేశాను.

తెల్లారిజాము
పది రోజుల తర్వాత రాస్తున్నాను. ఆలస్యమైంది, క్షమించాలి.

3/0 హుక్, 3/16 బరువు, బ్రెయిడ్ మీద లీడర్, డ్రాగ్ త్రాసుతో సరిచూశాను. నిన్న అదే చోటికి అదే సమయానికి వెళ్లాను. మొదటి గంట ఒక్కటీ కొట్టలేదు. ఆరున్నర ప్రాంతంలో, మునిగిన చెట్టు పక్కన వేశాను. దిగుతోంది, లెక్కపెడుతున్నాను, ఒకటి, రెండు, మూడు... లైన్ ఆగిపోయింది. చేతికి ఏమీ తెలియలేదు. అలలరేఖ గారి మాట గుర్తొచ్చింది. కొన దించి, చుట్టి, గుంజాను. చెట్టుకే పట్టిందనుకున్నాను, అంత బరువు. తర్వాత ఆ చెట్టు పక్కకి కదిలింది. అండీ, ఆ క్షణాన్ని ఎలా రాయాలో నాకు తెలియదు. 4 పౌండ్ల 2 ఔన్సులు. నేను పట్టినవాటిలో ఇదే పెద్దది. హుక్ పై దవడలో, ఎముక దగ్గర, సూటిగా దిగి ఉంది.

మొత్తం ఆరు కొట్టాయి, నాలుగు పడ్డాయి. ఒకటి మాత్రం గొంతు దాకా మింగింది. లైన్ హుక్ దగ్గరికి కోసి వదిలేశాను. ఈదుకుంటూ వెళ్లింది కానీ మనసు బాగాలేదు. సరిగ్గానే చేశానా?

అలలరేఖ
ఎంత సంతోషంగా ఉందో! ఆ "చెట్టు కదిలింది" అన్న మాట చదివి లేచి నిలబడ్డాను.

సరిగ్గానే చేశారు. గొంతులో ఉన్నదాన్ని పీకడం కన్నా లైన్ కోసి వదిలితేనే చేపకి బతికే అవకాశం ఎక్కువ. హుక్ కన్ను నోట్లోంచి కనిపిస్తుంటే ఇంకో దారి ఉంది: మొప్ప మూత పక్కనుంచి, మొప్ప రేకుల్ని తాకకుండా, ప్లయర్స్ పంపి హుక్‌ని తలకిందులుగా తిప్పితే వచ్చేస్తుంది. కానీ అలవాటైనవాళ్లు పక్కన ఉండి చూపిస్తేనే చేయండి. మొప్పలోంచి రక్తం కారితే చేప దక్కడం కష్టం.

ఇంకొకటి, 4 పౌండ్ల చేపని దవడ పట్టుకుని అడ్డంగా వంచి ఫొటో తీయకండి, బరువంతా దవడ కీలు మీద పడుతుంది. నిటారుగా పట్టుకోండి, లేదా రెండో చెయ్యి తడిపి పొట్ట కింద ఆనించండి. పొడి చెయ్యి పెడితే ఒంటి జిగురు పోతుంది, దాన్ని రోగాల నుంచి కాపాడేది అదే.

దుంగచాటు
అభినందనలు తమ్ముడూ. నేనూ చెప్పినట్టే చేశాను. మూడు లెక్క మానేసి, 6 అంగుళాల వానపాముతో వెంటనే గుంజాను. ఐదు కొడితే మూడు పడ్డాయి, మూడూ పెదవి దగ్గరే. పెద్ద వానపాముకి మాత్రం ఒక లెక్క ఆగుతాను, అది వదలలేను.

జమ్ముదుబ్బు
తెల్లారిజాము గారూ, నీళ్లెంత వేడిగా ఉన్నాయో చూశారా? ఆ మొదటి గంట ఖాళీకి కారణం తెలుస్తుందేమోనని.

తెల్లారిజాము
ఒడ్డున 17 డిగ్రీల సెల్సియస్ చూపించింది. ఒకచోట అడుగున పళ్లెమంత తెల్లటి వలయం, దాని మీద ఒక చేప తిరుగుతూ కనిపించింది. గూడేమో అని అటు వేయలేదు.

జమ్ముదుబ్బు
గూడే. 15 నుంచి 24 డిగ్రీల మధ్య గుడ్లు పెడతాయి, కాపలా కాసేది మగచేప. దాన్ని లాగేస్తే నిమిషాల్లో చిన్న చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. వేయకపోవడం చాలా మంచి పని. ఆ కాలంలో గూటికి దూరంగా, పక్కనే ఉన్న మొదటి లోతు అంచున వేయండి, గుడ్లు పెట్టడానికి ముందు ఆడచేపలు అక్కడ ఆగుతాయి. మీ చెట్టు అలాంటి అంచు మీదే ఉండి ఉంటుంది.

తెల్లారిజాము
అవును, చెట్టు వేరు దగ్గర 3 అడుగులు, కొమ్మల దగ్గర 8. ఈ ఆదివారం ఆ అంచు వెంబడే నడుస్తాను. బుల్లెట్ గుండు వానపాము నుంచి దూరంగా జారిపోయి కొమ్మకి చుట్టుకుంటోంది, దానికి ఏదైనా దారి ఉందా?

గట్టుమీద_గాలం
గుండుకి ముందు లైన్ మీద చిన్న రబ్బరు బాబర్ స్టాపర్ ఎక్కించి గుండుకి ఆనించండి. గుండూ వానపామూ ఒకటిగా కొమ్మల్లోంచి దిగుతాయి. కొమ్మలు లేనిచోట స్టాపర్‌ని పైకి జరిపి గుండుని వదులుగా ఉంచండి.

తెల్లారిజాము
రెండు రిగ్‌లూ ఇప్పుడే కట్టి పెట్టాను. ఆదివారం రాత్రి రాస్తాను.